శిలీంధ్రాలు జంతువులకు దగ్గర చుట్టాలా?

సందేహాల_పుట్ట:
పుట్టగొడుగులంటే పత్రహరితం లేని మొక్కలని చిన్నప్పుడు ఎక్కడో చదివి అదే పట్టుకుని కూర్చున్నాను. మొన్న ఒకాయన శిలీంధ్రాలు మొక్కల కంటే జంతువులకే దగ్గర అన్నాడు. కదలదు మెదలదు, నేలలోంచి మొలుస్తుంది, అది జంతువుకు చుట్టమెలా అయింది? పైగా బ్రెడ్ మీద బూజు, పిండి పులియబెట్టే ఈస్ట్, పుట్టగొడుగు, ఒంటి మీద తామర, ఈ నాలుగింటినీ ఒకే గాటన ఎందుకు కట్టారో అసలు అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. నిర్వచనాలు మాత్రం వద్దు బాబూ, అవి నా దగ్గరా ఉన్నాయి.

బూజు_దులిపేవాడు:
మీరు చదివింది పాత లెక్కండీ. 1969లో విట్టేకర్ అనే అమెరికా శాస్త్రవేత్త జీవులన్నిటినీ ఐదు రాజ్యాలుగా, అంటే ఐదు పెద్ద గుంపులుగా విడగొట్టినప్పుడే వీటికి విడిగా ఒక రాజ్యం ఇచ్చేశాడు. పోలిక రూపంలో కాదు, తిండి దగ్గర వెతకండి. మొక్క తన ఆహారం తనే తయారు చేసుకుంటుంది, జంతువు మింగి లోపల అరిగించుకుంటుంది, శిలీంధ్రమేమో ఎంజైములు బయటికి వదిలి, ఉన్నచోటే ఆహారాన్ని అరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. మీరు చెప్పిన నాలుగూ బతికేది ఇలాగే.

బూజు పట్టిన బ్రెడ్‌ను భూతద్దంతో చూడండి. తెల్లటి సన్న పోగులు, కొన్నిటి చివర చిన్న నల్లటి చుక్కలు. ఆ చుక్కల నిండా సిద్ధబీజాలు, అంటే కొత్త శిలీంధ్రంగా మొలిచే సన్నటి రేణువులు, పోగులు అసలు శరీరం. పోగు కొస దగ్గరే పెరుగుతుంది, అందుకే తిండి అయిపోయిన చోటు వదిలి ముందుకు పాకుతూ పోతుంది. పైపైన గీకేసి మిగతాది తినేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, కనిపించని పోగులు అప్పటికే లోపలికి దిగి ఉంటాయి. ఈస్ట్‌కు ఈ పోగుల గొడవ పెద్దగా లేదు, ఒక్కటే కణం, పక్కన మొగ్గ వేసి రెండవుతుంది.

ఇక చుట్టరికం. కణకవచంలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, పురుగుల పై పెంకులో ఉండేదీ అదే. నిల్వ చేసుకునేది మొక్కల్లా స్టార్చ్ కాదు, మన కాలేయంలో ఉండే గ్లైకోజెనే. నాకు అన్నిటికంటే నచ్చేది కైట్రిడ్‌ల సంగతి, ఎక్కువగా నీళ్లలో ఉండే ఈ శిలీంధ్రాల సిద్ధబీజాలకు వెనకవైపు ఒకే తోక ఉంటుంది, వీర్యకణానికి ఉన్నట్టే. డీఎన్ఏ పోల్చి చూసినా మాట అదే తేలింది.

మందుల_చీటీ:
ఆ చుట్టరికంతోనే మాకు తలనొప్పి. బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ తామర మీద పనిచేయదు, ఎందుకంటే ఫంగస్ కణంలో కేంద్రకం దగ్గర్నుంచి చాలావరకు మన కణంలో ఉన్నవే ఉంటాయి, దాన్ని చంపి మనల్ని వదిలేసే మందు దొరకడం కష్టం. దొరికిన తేడాల్లో ముఖ్యమైనది, మన కణత్వచంలో కొలెస్ట్రాల్ ఉన్నచోట వాటికి ఎర్గోస్టెరాల్ ఉంటుంది. క్లోట్రిమజోల్, ఫ్లుకోనజోల్ లాంటి ఫంగస్ మందులు దాని తయారీనే అడ్డుకుంటాయి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు సొంతంగా రాసుకోకండి, దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది.

సందేహాల_పుట్ట:
బాగుంది, మరి పుట్టగొడుగులో పోగులేవి? రాత్రికి రాత్రి అంత ఎలా లేస్తుంది? బంగాళాదుంప తెగులు కూడా ఫంగసేనా?

బూజు_దులిపేవాడు:
చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, కాదు. 1845లో ఐర్లండ్ కరువుకు కారణమైన ఆ తెగులు ఫంగస్‌లా కనిపిస్తుంది గానీ దాని కణకవచంలో మొక్కల్లోలా సెల్యులోజ్ ఉంటుంది, అసలు వంశమే వేరు.

గొడుగు_పట్టు:
పుట్టగొడుగు కూడా పోగులేనండీ, ఒత్తుగా అల్లుకుపోయి ఉంటాయి. మనకు కనిపించేది సిద్ధబీజాలు చల్లడానికి బయటికి వచ్చిన భాగమే, మిగతాదంతా మట్టిలోనో చెక్కలోనో ఉంటుంది. అమెరికాలోని ఓరెగన్‌లో ఆర్మిల్లారియా అనే రకం పుట్టగొడుగు ఒకటి దాదాపు 965 హెక్టార్ల అడవి కింద పరుచుకుని ఉంది, అదంతా ఒకే జీవి! రాత్రికి రాత్రి లేవడంలో మాయేమీ లేదు, చిన్న మొగ్గగా ఉన్నప్పుడే కణాలు చాలావరకు తయారై ఉంటాయి, తడి దొరకగానే నీళ్లు పీల్చుకుని సాగిపోతాయి.

ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్ర జాతులు సుమారు లక్షన్నర, 2017 నాటి ఒక అంచనా ప్రకారం మొత్తం 22 నుంచి 38 లక్షలు ఉండొచ్చు. అన్నిటికీ గొడుగులుండవు, చాలావాటిని మీరు జన్మలో చూడలేరు.

చేసి చూడాలనుంటే, విచ్చుకున్న గొడుగు కాడ కోసేసి, గొడుగు అడుగున పలచటి రేకుల్లా ఉండే మొప్పలు కిందికి ఉండేలా కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించండి. తెల్లారేసరికి మొప్పల గీతలన్నీ సిద్ధబీజాల పొడితో అచ్చు పడతాయి. పొడి తెల్లగా ఉంటే తెల్ల కాగితం మీద కనిపించదు కాబట్టి సగం నల్ల కాగితం వేయండి. ఆ రంగు జాతిని గుర్తుపట్టడానికి ఒక ఆధారం మాత్రమే, దాన్ని చూసి తినొచ్చో లేదో తేల్చేయకండి, తర్వాత చేతులు కడుక్కోండి.