వరి కోశాక మినుమా, మొక్కజొన్నా?

డెల్టా రైతు:
మా కృష్ణా డెల్టాలో వరి వెనుక మినుము వేయడం తాతల నాటి అలవాటు. ఇప్పుడు మా పొలం చుట్టూ అంతా మొక్కజొన్నే. నేను మాత్రం ఈ ఏడు మూడెకరాల్లో మినుము చల్లాను. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదునుండగా చల్లితే చాలు. దుక్కి లేదు, తడి పెట్టే పని లేదు, మంచుకే పెరుగుతుంది. నిన్న నెల రోజుల మొక్కనొకటి మట్టితో సహా పెకలించి చూశాను. వేళ్ల నిండా ఆవగింజలంత బుడిపెలు. ఒకటి గోటితో చిదిపితే లోపల ఎర్రగా ఉంది. ఆ ఎరుపుంటే గాలిలోని నత్రజని వేరుకు అందుతున్నట్టే. నేలను నిలబెట్టే పంటను వదిలేసి, బస్తాల కొద్దీ యూరియా తాగే పంట వెంట ఎందుకు పడుతున్నాం?

మొక్కజొన్న వేసేవాడిని:
మీ మాట కాదనను. కానీ నేను మినుము మానింది ఇష్టం లేక కాదండీ. వరుసగా రెండేళ్లు పల్లాకు తెగులు వచ్చి చేను పసుపు పచ్చగా మారింది. మూడో ఏడు బంగారుతీగ, అదే మొక్కను చుట్టుకుని రసం పీల్చే పసుపు తీగ కలుపు, అల్లుకుంది. మంచి ఏడు కూడా ఎకరానికి ఐదు క్వింటాళ్లే. 2025-26 మద్దతు ధర 7,800 చొప్పున 39,000 రూపాయలు. మొక్కజొన్న 35 క్వింటాళ్లు, 2,400 చొప్పున 84,000. ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా మిగులుతుంది.

వ్యవసాయం చదివినవాడిని:
పల్లాకును మోసేది తెల్లదోమ. తట్టుకునే రకాలున్నాయి: ఎల్‌బీజీ 787, టీబీజీ 104. విత్తనశుద్ధి చేసి, తెగులు సోకిన మొక్కలను తొలిరోజుల్లోనే పీకేయాలి. బంగారుతీగ గడ్డిజాతి పంటలపై బతకలేదు. కాబట్టి అది పాతుకున్న పొలంలో ఒకటి రెండేళ్లు మొక్కజొన్న వేయడం తప్పు కాదు. ఏటా అదే వేయడమే తప్పు.

కౌలు రైతు:
అయ్యా, మీరందరూ సొంత పొలం ఉన్నవారిలా మాట్లాడుతున్నారు. నేను చేసే నాలుగెకరాలూ కౌలే. మినుము వేస్తే నేలకు చేరే బలం వచ్చే ఏడు వరికి పనికొస్తుంది, నిజమే. వచ్చే ఏడు ఆ పొలం నా చేతిలో ఉంటుందా? తెగులొస్తే నష్టం నాది, నేల బాగుపడితే లాభం యజమానిది. కౌలు డబ్బు మాత్రం ఈ ఏడే కట్టాలి. అందుకే మొక్కజొన్న వేస్తున్నాను.

డెల్టా రైతు:
ఈ సంగతి నాకు తట్టనే లేదు తమ్ముడూ. నిజానికి నా పొలంలోనూ ఎకరంన్నర ఒకరు కౌలుకు చేస్తున్నారు, ఏటికేడు నోటిమాట మీద. ఈ సంక్రాంతికి ఆయనతో మూడేళ్లకు కాగితం రాసుకుంటాను. రెండేళ్లు మినుము, ఒక ఏడు మొక్కజొన్న. మినుము వేసిన ఏడు పల్లాకు వచ్చి పంట పోతే ఆ కాలానికి సగం కౌలు వదిలేస్తాను. ఇది సరిపోతుందా, ఇంకేమైనా రాయాలా? కౌలు చేసేవారే చెప్పండి.