జవాన్ల ఘనత ఊరి పేపర్లో వేయించాలా, వద్దా?

కోనసీమ కుర్రాడు:
మా మేనమామ కొడుక్కి మొన్న హవల్దార్‌గా ప్రమోషన్ వచ్చింది. జిల్లా పేజీలో వేయించాలని అత్తయ్య సరదా. వాడేమో ఫోన్లోనే "వద్దమ్మా" అని కసిరాడు. నేను అత్తయ్య పక్షమే. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణం పోయాకే కదా సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు గారి పేరు మనలో చాలామందికి తెలిసింది? బతికున్నప్పుడు నాలుగు లైన్ల వార్తకు కూడా నోచుకోరా మనవాళ్లు?

రిటైర్డ్ సుబేదార్:
మీవాడు చెప్పిందే రైటు బాబూ. నాకు కమెండేషన్ కార్డు (మంచి పనికి పై అధికారి ఇచ్చే మెచ్చుకోలు) వచ్చినప్పుడు మా అన్నయ్య ఉత్సాహపడి ఓ పేపర్లో వేయించాడు. బెటాలియన్ నంబరు, డ్యూటీ చేసే ఊరు, మా ఆవిడ పేరు, అన్నీ అచ్చయ్యాయి. మూడో రోజు ఇంటికి ఫోన్: "ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, అవార్డు డబ్బులు వేయాలి, ఖాతా నంబరు చెప్పండమ్మా." మా ఆవిడ గట్టిది, "ఆయన్నే అడగండి" అని పెట్టేసింది. వాడు నా బెటాలియన్ నంబరు కూడా గడగడా చెప్పాడట. సమాచారం బయటికి పోతుందని 2020లో సైన్యం ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమంది. జవాను ఫోన్లోంచి బయటికి పోకూడదన్నదాన్ని మనం పేపర్లో అచ్చేస్తామా?

మండల విలేకరి:
సార్, ఆ నంబరు మేం కనిపెట్టి రాసేది కాదు. ఇంట్లోవాళ్లే వాట్సాప్‌లో పంపుతారు. ఒకసారి ఫొటోలో కుర్రాడి వెనకాల యూనిట్ బోర్డు ఉంటే కత్తిరించాను. తెల్లారగానే వాళ్ల నాన్న ఫోన్, "బోర్డు తీసేశారేంటండీ, మావాడు ఎక్కడ చేస్తాడో ఎలా తెలుస్తుంది?" అని. అయినా సేనా మెడల్, శౌర్య చక్ర వచ్చినవాళ్ల పేర్లు జనవరి 26కీ ఆగస్టు 15కీ కేంద్రమే బయటపెడుతుంది, రెజిమెంట్‌తో సహా. ఇంక మేం దాచేదేముంది?

రిటైర్డ్ సుబేదార్:
ఆ జాబితాలో నా ఇల్లాలి పేరు ఉండదు కదా తమ్ముడూ, పిల్లల స్కూలు ఉండదు. ఊరి పేపర్ అవే కదా రాసేది!

డాలస్ నుంచి:
అమెరికాలో మా తోడల్లుడి కొడుకు నేవీలో ఉన్నాడు. ఇక్కడ సైన్యంలో దీనికి ఒక ఫారమే ఉంది, డీడీ 2266. తన వివరాలు, సొంతూరు రాసి జవానే సంతకం పెడతాడు. వార్త రాసి ఆ ఊరి పేపర్‌కు పంపేది సైన్యమే. రిక్రూట్‌మెంట్‌కు ప్రచారం అని తిట్టేవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. కానీ ఏది అచ్చవాలో చెప్పే హక్కు జవానుదే, వాళ్ల అమ్మది కాదు.

గూడెం వాసి:
మా తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని పంపిన ఊరని స్తూపమే చెబుతుంది. ఆ ఊరి పేరు చెబితేనే గౌరవం, ఇంక పేపర్ కటింగ్ దేనికి? అయినా పేపర్ ఒక్కదాన్నే అంటారేం? సెలక్షన్ వచ్చిన మర్నాడే సెంటర్లో ఫ్లెక్సీ లేస్తోంది, ఫోన్ నంబర్లతో సహా.

కోనసీమ కుర్రాడు:
డాలస్ అంకుల్ మాట పట్టుకుని రాత్రి వాణ్నే అడిగాను. యూనిట్, డ్యూటీ చేసే ఊరు రాయకుండా, మామూలు చొక్కాలో ఉన్న ఫొటో అయితే సరేనన్నాడు. అత్తయ్య ఒప్పుకోవట్లేదు. "యూనిఫాం లేకపోతే వాడు మిలిటరీ అని ఎవరు నమ్ముతారు?" అంటోంది.