డచ్ సమాసాన్ని ఎక్కడ విరవాలి?

ప్రశ్న: డచ్ నేర్చుకుంటున్నానండీ. పాఠంలో "massagebed" అనే ఒకే పదానికి రెండు అర్థాలిచ్చారు: మసాజ్ చేసే మంచం, సామూహిక ప్రార్థన. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు. ఎలా పోల్చుకోవాలి?

జవాబు: వింటే తికమక ఉండదండీ, చిక్కంతా చదివేటప్పుడే. మంచమైతే "మసాజె + బెట్". ఊనిక, అంటే నొక్కి పలకడం, "సా" మీద పడుతుంది, జి అక్షరం మెత్తగా "జ" అవుతుంది. ప్రార్థనైతే "మసా + ఖెబెట్". ఊనిక మొదటి "మ" మీదికి వస్తుంది, అదే జి గొంతులోంచి "ఖ"లా పలుకుతుంది. డచ్ సమాసంలో మామూలుగా ప్రధానమైన ఊనిక మొదటి పదానిదే. ఆ పదం విడిగా ఉన్నప్పుడు ఎక్కడ నొక్కుతారో ఇక్కడా అక్కడే నొక్కుతారు. కాబట్టి ముందు అతుకు, అంటే రెండు పదాలు కలిసిన చోటు, దొరకాలి.

మన "మావిడాకులు" లాంటిదే ఇది. మావిడి ఆకులా, మా విడాకులా? మనకి సందర్భమే దిక్కు.

డచ్‌లో కూడా ఊనిక అన్నిచోట్లా ఆదుకోదు. "క్వార్ట్ + స్లాఖెన్" అంటే పావు మలుపులు, "క్వార్ట్స్ + లాఖెన్" అంటే క్వార్ట్‌జ్ రాతి పొరలు. రెండిట్లోనూ ఊనిక మొదట్లోనే. అందుకే ఇలాంటి చోట అతుకు దగ్గర చిన్న గీత పెట్టుకోవడానికి డచ్ స్పెల్లింగ్ నియమాలు ఒప్పుకుంటాయి.

నాకు చాలా ఇష్టమైనది బంగాళాదుంపకి వాడే డచ్ పదం. "ఆర్డ్" అంటే నేల, "అపెల్" అంటే ఆపిల్. పంక్తి చివర ఈ రెండిటి మధ్య విరవాల్సి వస్తే "డ్" తర్వాతే విరవాలి, అతుకు అక్కడే కాబట్టి. నోట్లో మాత్రం చాలామందికి అది "ఆర్-డపెల్" అవుతుంది. డచ్‌లో పదం చివరి "డ్" మామూలుగా "ట్"గా మారిపోతుంది కదా. ఇక్కడ అది తర్వాతి అచ్చుతో కలిసిపోయి "డ"గానే బతికిపోయింది. "ఆర్ట్-అపెల్" అని విడదీసి పలికేవాళ్లూ ఉన్నారు. రాతలో అతుకు ఒకచోట, మాటలో విరుపు ఇంకోచోట. ఎంత బాగుందో!

ప్రశ్న: మరి ఆమ్‌స్టర్‌డామ్‌లో చివరి "డామ్"నే నొక్కుతారేమండీ?

జవాబు: మంచి ప్రశ్న. ఆమ్‌స్టెల్ నది మీద కట్టిన ఆనకట్టే ఆ ఊరి పేరు. రోటె నది మీది రోటర్‌డామ్ కూడా అంతే, ఊనిక చివరే. ఊళ్ల పేర్లలో ఇది తరచూ కనిపిస్తుంది. నగరపాలక భవనాన్ని "స్టాట్‌హౌస్" అంటారు, దానిలోనూ నొక్కేది "హౌస్"నే. ఇలాంటివాటిని విని గుర్తుపెట్టుకోవడమేనండీ.