కరెంటు పోయింది, ఆర్వీలో ఫర్నేస్ అంటుకోవడం లేదు

చలిబండి: ఆర్వీలో, అంటే ఇల్లులాంటి బండిలో ఉన్నాం. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. గ్యాస్ నిండుగా ఉంది. బ్యాటరీ కూడా బాగానే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి. ఫర్నేస్, అదే గ్యాస్ హీటర్, ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగి కాసేపటికి ఆగిపోతోంది, మంట రావడం లేదు. గంటల తరబడి దీంతోనే కుస్తీ పడుతున్నా. దాని సర్క్యూట్ బోర్డు పోయిందంటారా? పిల్లలు దుప్పట్లలో ముడుచుకుని ఉన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

వోల్ట్‌మీటర్: ఫ్యాన్ తిరుగుతుండగా వోల్టేజ్ ఎంత?

దారిదీపం: ముందు ఇది వినండి. చలికి తట్టుకోలేక స్టవ్ వెలిగించి వెచ్చదనం కోసం వదిలేయకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వికారం మొదలైతే అందరూ వెంటనే బయటికి వచ్చేయాలి. జనరేటర్ ఉంటే కనీసం 6 మీటర్ల దూరంలో పెట్టండి, పొగ కిటికీల వైపు రాకూడదు. ఆ వాయువుని పసిగట్టే అలారం బండి బ్యాటరీ మీదే నడిచేదైతే, ఆ బ్యాటరీ పడిపోతే అదీ మోగదు. విడి బ్యాటరీది ఒకటి ఉండాల్సిందే.

చలిబండి: స్టవ్ ముట్టుకోలేదండీ, నేనడిగింది ఫర్నేస్ గురించి. ఇన్వర్టర్ ఉంది కదా, బ్యాటరీ చార్జ్ అవుతూనే ఉంటుంది. మైక్రోవేవ్ కూడా దాని మీదే వాడాం.

వోల్ట్‌మీటర్: ఇన్వర్టర్ బ్యాటరీ కరెంటుతో మైక్రోవేవ్ లాంటివి నడుపుతుంది, అంతే. చార్జ్ చేసేది కన్వర్టర్. బయటి కరెంటు లేకపోతే అది పనిచేయదు.

రెండుచక్రాలు: మా బండిలో రెండూ ఒకే పెట్టె. అందరం ఇన్వర్టర్ అనే అంటాం.

వోల్ట్‌మీటర్: ఏమన్నా సరే, కరెంటు లేనప్పుడు అది బ్యాటరీని ఖాళీ చేస్తుందే తప్ప నింపదు.

రెండుచక్రాలు: గ్యాస్‌లో బ్యూటేన్ పాలు ఎక్కువేమో? సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాదు. ప్రొపేన్ అయితే మైనస్ 42 దాకా ఇబ్బంది లేదు. స్టవ్ ఒక్క క్షణం వెలిగించి ఆర్పేయండి, తేలిపోతుంది.

పాతమెకానిక్: బోర్డు జోలికి వెళ్లకు తమ్ముడూ. మైక్రోవేవ్ మాట ముందే చెప్పాల్సింది. ఫర్నేస్ ఫ్యాన్ 7 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. ఎల్‌ఈడీ లైట్లకి అందులో పిసరంత చాలు, అందుకే బ్యాటరీ అడుగంటినా అవి వెలుగుతాయి. ఫ్యాన్ గాలికి లోపల చిన్న రేకు కదిలి స్విచ్ కలవాలి, దాన్నే సెయిల్ స్విచ్ అంటారు. ఫ్యాన్ నీరసంగా తిరిగితే రేకు కదలదు, గ్యాస్ వాల్వ్ తెరుచుకోదు. ఇన్వర్టర్ కట్టేసెయ్. నీది సొంత ఇంజిన్ ఉన్న బండేనా? ఆరుబయట ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్యాటరీకి కాస్త చార్జ్ ఎక్కాక ఫర్నేస్ వెయ్.

దారిదీపం: పొగ గొట్టం మంచులో కూరుకుపోలేదని చూసుకున్నాకే ఇంజిన్!

చలిబండి: ఇంజిన్ ఉన్నదే. ఇందాక వోల్టేజ్ 10.3 ఉంది. ఇప్పుడు అంటుకుంది, వేడి గాలి వస్తోంది. థ్యాంక్సండీ.

రెండుచక్రాలు: మరి లిథియం బ్యాటరీ అయితే ఈ చలిలో చార్జ్ పెట్టొచ్చా?

వోల్ట్‌మీటర్: బ్యాటరీ సున్నా కంటే చల్లబడితే వద్దు. పాడైపోతుంది.

రెండుచక్రాలు: మాది లోపలే హీటర్ ఉన్న రకం అన్నారు. దానికీ ఇదే లెక్కా?