బ్రెజిల్ బ్రొమీలియడ్‌లలో వైవిధ్యం రూపంలోనేనా, బతుకు తీరులోనూ ఉందా?

ప్రశ్న:
అనాస మొక్క చెందిన బ్రొమీలియేసీ కుటుంబంలో (ఈ కుటుంబపు మొక్కలనే బ్రొమీలియడ్‌లు అంటారు) ఇంచుమించు 3,600 జాతులు ఉన్నాయనీ, వాటిలో మూడో వంతుకు పైగా బ్రెజిల్‌లోనే కనిపిస్తాయనీ చదివాను. వానలు సమృద్ధిగా కురిసే అట్లాంటిక్ అడవిలోనూ, ఈశాన్యాన ఎండకు మాడే కాటింగాలోనూ, సముద్రతీరపు ఇసుకలోనూ ఒకే కుటుంబం ఎలా బతుకుతోంది? తేడాలు పూల రంగులకూ ఆకుల చారలకూ పరిమితమైనవేనా?

మొదటి జవాబు:
రంగులు పైకి కనబడే తేడా మాత్రమే; అసలు తేడా నీటిని సంపాదించుకునే పద్ధతిలో ఉంది. అట్లాంటిక్ అడవిలో కొమ్మల మీద పెరిగే అనేక జాతులు బదనికలా చెట్టు రసాన్ని పీల్చవు. వాటి వేళ్లు ప్రధానంగా పట్టు కోసమే. ఆకుల మొదళ్లు ఒకదానినొకటి ఒరుసుకుని తొట్టిలా ఏర్పడితే, అందులో నిలిచిన వాననీటినీ కుళ్లిన ఆకుల సారాన్నీ ఆకుల మీది సన్నని పొలుసులు పీల్చుకుంటాయి. టిల్లాండ్సియా ఉస్నియోయిడిస్‌కు ఆ తొట్టి కూడా లేదు. కొమ్మల నుంచి బూడిదరంగు పోగుల్లా వేలాడుతూ పొలుసులతోనే వాన తడిని అందుకుంటుంది.

రియో డి జనీరో దగ్గరి సెర్రా డోస్ ఆర్గాన్స్ కొండబండలపై పెరిగే అల్కాంటారియా ఇంపీరియాలిస్ తొట్టెలో యుట్రిక్యులేరియా నెలుంబిఫోలియా అనే కీటకాహార మొక్క నివసిస్తుంది. అది తీగను బయటికి చాచి, పక్క మొక్క తొట్టిలోకి దించి, అక్కడ కొత్త మొక్కగా ఎదుగుతుంది. ఫిల్లోడైటిస్ ల్యూటియోలస్ అనే చిన్న కప్ప గుడ్లు పెట్టేదీ, దాని పిల్లలు ఎదిగేదీ ఇలాంటి తొట్టెలలోనే. అందువల్ల ఒక్క బ్రొమీలియడ్‌ను పెరికితే పోయేది ఒక్క మొక్క కాదు.

ప్రశ్న అడిగినవారు:
వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. అలా నిలిచిన నీటిలో దోమలు పెరగవా?

రెండవ జవాబు:
కొన్ని పెరుగుతాయి. కెర్టెజియా ఉపప్రజాతికి చెందిన అనాఫిలిస్ దోమలు ఈ తొట్టెలలోనే గుడ్లు పెడతాయి. వాటి ద్వారా దక్షిణ బ్రెజిల్‌లో మలేరియా వ్యాపించినందున 1940ల నుంచి శాంటా కాటరీనా రాష్ట్రంలో పట్టణాల చుట్టుపక్కల అడవుల్లోని బ్రొమీలియడ్‌లను పెద్దఎత్తున తొలగించారు. ప్రజల ప్రాణాలు ప్రమాదంలో ఉన్నందున ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను, కానీ తొట్టెలతో పాటు వాటిలోని జీవులన్నీ పోయాయన్నది కూడా వాస్తవమే.

మూడవ జవాబు:
ఇంతవరకు చర్చ తొట్టి ఉన్న జాతుల చుట్టూనే తిరిగింది. మీరడిగిన కాటింగాలో కథ వేరు. అక్కడి ఎంకోలిరియం స్పెక్టాబిలే తొట్టి లేకుండా, ముళ్ల అంచుల దళసరి ఆకులతో బండరాళ్లపై గుంపులుగా పెరుగుతుంది. దాని పూలకు రాత్రివేళ గబ్బిలాలు వస్తాయి. కరోవా అని పిలిచే నియోగ్లాజియోవియా వేరిగేటా ఆకుల నారతో ప్రజలు తాళ్లు పేనుకుంటారు. ఎండ ప్రాంతాల బ్రొమీలియడ్‌లలో చాలావరకు పత్రరంధ్రాలను రాత్రిపూట తెరచి, కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లరూపంలో దాచుకుని, పగలు వాటిని మూసి ఉంచుతాయి కనుక నీటి నష్టం బాగా తగ్గుతుంది.

తీరప్రాంతపు ఇసుకనేలల్లో ఎక్మియా న్యూడికాలిస్ వంటి జాతుల తొట్టెలలో క్లూసియా అనే వేరే మొక్క విత్తనాలు మొలకెత్తి, తరువాత ఇసుకలోకి వేరు దింపి పొదలుగా ఎదుగుతాయి.

ఈ వైవిధ్యంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది డికియా డిస్టాకియా. దక్షిణాన వేగంగా పారే నదుల ఒడ్డు రాళ్లనే ఆశ్రయించి, వరద ముంచెత్తినా కొట్టుకుపోకుండా నిలిచే ఈ మొక్క, 2005లో బార్రా గ్రాండే ఆనకట్ట జలాశయం నిండడంతో తన ముఖ్యమైన సహజ స్థావరాలను కోల్పోయింది. ముందుగా సేకరించిన మొక్కలను వేరే నదీతీరాలలో నాటారు గానీ, పారే నీటికి అలవాటుపడిన జాతికి అలాంటి రాళ్ల ఒడ్డు దొరకడమే కష్టం.