«ఇంటిదొంగ» సామెత చిగుళ్ళ బాక్టీరియాకి నప్పుతుందా?

పిల్లల కోసం చిగుళ్ళ జబ్బు మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియా చిగుర్ల పైపొర కణాల్లో దూరి అక్కడే కాపురం పెడుతుంది. బయట తిరిగితే తెల్లకణాల కంటపడుతుంది, లోపల ఉంటే ఆ భయం తక్కువ. అందుకే «ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు» అని శీర్షిక పెట్టాను. మొదటి వాక్యం: «ఇది కణాల మీద దాడి చేసి లోపలికి చొరబడుతుంది». బాగుందా?

— చొరబడటం సరే, దాడి మాత్రం కుదరదండీ. దాడి అంటే బలంతో మీద పడటం. ఇక్కడ గోడ పగలదు, తలుపు విరగదు. ఈ బాక్టీరియా ఒంటినిండా ఫింబ్రియా అనే సన్నటి నూగు ఉంటుంది. దాంతో కణం పైనున్న ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న ఆధారాన్ని పట్టుకుని నిలబడటానికి కణం పెట్టుకున్న చెయ్యి అది. బాక్టీరియా ఆ చెయ్యి పట్టుకోగానే కణం తన లోపలి ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగుల్ని సర్దుకుని, బాక్టీరియాని తనే లోపలికి లాక్కుంటుంది. అంతా నిమిషాల్లో అయిపోతుంది. మరి మింగే పని ఎవరిది? కణానిది. చేయించేది బాక్టీరియా. దీనికి మన క్రియలోనే చోటుంది: «మింగించుకుంటుంది». చంటిపిల్ల ఏడ్చి ఎత్తించుకున్నట్టు. ఒక్క మాటలో ప్రేరణా వచ్చింది, ఎవరి లాభానికో కూడా తెలిసింది.

(అన్నట్టు «చిగుర్లు» కాదు, చిగుళ్ళు. గోరు-గోళ్ళు లాగా.)

— సామెత సంగతి నేనడుగుతాను. ఇంటిదొంగ ఇంట్లోవాడే అయ్యుండాలి కదా? ఇది బయటినుంచి వచ్చింది. దానికన్నా «కంచే చేను మేస్తే» నయం. ఈ బాక్టీరియా జింజిపైన్ అనే ఎంజైములతో ప్రొటీన్లని ముక్కలు చేసే మాట నిజమే. కానీ పంటి చుట్టూ ఎముకని కరిగించేది మన ఆస్టియోక్లాస్టు కణాలే. వాపు ఎడతెగకుండా సాగితే వాటికి పని పెరుగుతుంది.

— కంచె మేయడంలో ద్రోహం ఉందండీ, పాపం ఆ కణాలకి అంటగట్టకండి. నన్నడిగితే అసలు తమాషా దొంగది కాదు, ఇంటివాళ్ళది. పైపొర కణాలు మామూలుగా ఇంటర్‌ల్యూకిన్-8 అనే కబురు పంపి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలని పిలుస్తాయి. ఈ బాక్టీరియా ఆ కబురుని తొక్కిపెడుతుంది. పైగా కణం తొందరగా చావకుండా చూసుకుంటుంది, ఇల్లు కూలితే తనకే నష్టం కనక. దొంగ లోపలున్నా ఇంటివాళ్ళు కిక్కురుమనరు.

— «కిక్కురుమనని కణం»! శీర్షిక దొరికింది, సామెత తీసేస్తున్నాను. «మింగించుకుంటుంది» పిల్లలకి అర్థమవుతుందంటారా?

— ఎత్తించుకోవడం తెలియని పిల్లలుంటారా అండీ?