స్టాకు పెట్టుకోవాలా, వద్దా? నాన్నకీ నాకూ తేలని తగువు

బాలానగర్ లేత్:
మాది బాలానగర్‌లో చిన్న షెడ్డు. నాలుగు లేత్‌లు, ఏడుగురు పనివాళ్లు. పంపులకి ఇత్తడి బుష్‌లు చేస్తాం. ఏడాదికి సుమారు 2,400 కిలోల ఇత్తడి కడ్డీ పడుతుంది. నాన్న ఏడాదికి రెండే సార్లు, 1,200 కిలోల చొప్పున రాణీగంజ్ డీలర్ దగ్గర తెచ్చి దించుతారు. ఆ వారం లేత్ దగ్గరికి పోవాలంటే కడ్డీల మీంచి దాటుకుంటూ పోవాలి. డబ్బంతా బ్యాంకు ఓడీదే (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు). ఎంబీఏలో ఆపరేషన్స్ చదివి వచ్చిన నాకు అది చూస్తే కడుపు మండుతుంది. టొయోటా వాళ్ల జస్ట్ ఇన్ టైమ్ (కావలసినప్పుడే కావలసినంత సరుకు తెచ్చుకోవడం) లాగా వారం వారం తెచ్చుకుందాం అంటే, "డీలర్ లేదన్న రోజు నీ పుస్తకం కడ్డీ ఇస్తదా?" అంటున్నారు. ఎవరిది రైటు?

పాత స్టోర్‌కీపర్:
నాన్నగారిదే బాబూ. 31 ఏళ్లు స్టోర్స్‌లో చేశాను. 2020లో లాక్‌డౌన్ సడలించాక మా వీధిలో ఎవరి మిషన్ ముందు తిరిగింది? ఎవరి షెడ్డులో సరుకుందో వాళ్లది. మిగిలినవాళ్లు డీలర్లకి ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. స్టాకుంటే వడ్డీ పోతుంది, నిజమే. లేకపోతే పార్టీయే పోతుంది.

శ్రీపెరుంబుదూర్ పర్చేజ్:
టొయోటా పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో, టొయోటాకి విడిభాగాలిచ్చే ఐసిన్ కంపెనీ కరియా ప్లాంటులో మంటలు లేచాయి. బ్రేకుల్లో వాడే చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది. టొయోటా దగ్గర దాని నిల్వ గంటల లెక్కన ఉండేది. జపాన్‌లో లైన్లు రోజుల పాటు ఆగిపోయాయి. దాదాపు 200 సంస్థలు తలా ఒక చెయ్యి వేసి ఆ వాల్వు తయారు చేస్తే గానీ వారంలో మళ్లీ కదల్లేదు. బాలానగర్‌లో నీకోసం ఎన్ని షెడ్లు కదులుతాయో నువ్వే చెప్పాలి.

2011 భూకంపం తర్వాత వాళ్లే చిప్‌లు నెలల తరబడి నిల్వ ఉంచమని సప్లయర్లకి చెప్పారు. 2021లో చిప్‌ల కరువొచ్చినప్పుడు మొదట్లో అదే కాపాడింది. అయినా ఆ సెప్టెంబరులో ఉత్పత్తి 40 శాతం తగ్గించుకోక తప్పలేదు.

ఇంకోమాట, కాస్త సిగ్గుతోనే. పెద్ద కంపెనీల్లో మేం 'స్టాకు సున్నా' అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ సరుకు మా గేటు పక్కనే వెండరు అద్దెకు తీసుకున్న గోడౌన్‌లో ఉంటుంది. అద్దె అతనిది, వడ్డీ అతనిది.

కాస్టింగ్ గుమాస్తా:
అందరూ కథలు చెప్తున్నారు, లెక్క ఎవరూ వెయ్యలేదు. బాలానగర్ తమ్ముడూ, ఒక్కసారి సరుకు తేవడానికి ఎంతవుతుంది? కిలో రేటెంత?

బాలానగర్ లేత్:
ట్రాలీ, హమాలీ, ఒక మనిషి సగం రోజు, అన్నీ కలిపి 1,500. కిలో సుమారు 600.

కాస్టింగ్ గుమాస్తా:
ఓడీ వడ్డీ, చోటు, తరుగు కలిపి 18 శాతం వేసుకుందాం. కిలో కడ్డీ ఏడాది పడుంటే 108 రూపాయలు.

నాన్నగారి పద్ధతి: సగటున 600 కిలోలు పడుంటాయి, 64,800. రెండు ట్రిప్పులు, 3,000. మొత్తం 67,800.

నీ పద్ధతి: వారానికి 48 కిలోలు, ఏడాదికి 50 ట్రిప్పులు. నిల్వ ఖర్చు 2,592 మాత్రమే. ట్రిప్పులకి 75,000! మొత్తం 77,592. అంటే చదువుకున్నవాడి లెక్క నాన్న లెక్క కంటే దాదాపు పదివేలు ఎక్కువ.

1913లో ఫోర్డ్ హారిస్ అనే ఇంజనీరు దీనికో సూత్రం ఇచ్చాడు (కార్ల ఫోర్డ్‌కీ ఇతనికీ చుట్టరికం లేదు). ఏడాది వాడకాన్ని ఆర్డరు ఖర్చుతో గుణించి, రెండింతలు చేసి, కిలో నిల్వ ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి. నీకు 258 కిలోలు వస్తుంది. దాదాపు నలభై రోజులకోసారి. మొత్తం ఖర్చు 28 వేల లోపే.

టొయోటా వాళ్లు చిన్న లాట్లు తెచ్చుకోగలిగింది ముందు ఆ ట్రిప్పు ఖర్చు, మిషన్ సెట్టింగ్ టైమ్ తగ్గించుకున్నాక. నువ్వు అది వదిలేసి ఇది పట్టుకున్నావు.

పాత స్టోర్‌కీపర్:
లెక్క బాగుంది. రాగి రేటు పెరిగితే ఇత్తడీ పెరుగుతుంది కదా, నాన్నగారు తక్కువలో కొని పెట్టుకుంటే లాభం కాదా?

కాస్టింగ్ గుమాస్తా:
అది రేటు మీద పందెం గురువుగారూ. ఒకటి మాత్రం ఒప్పుకుంటా, నేను చెప్పిన సూత్రం వాడకం సమంగా ఉంటుందనుకుంటుంది, పంపుల ఆర్డర్లు అలా రావు. దానికి అదనంగా కొంత వేసుకోవాలి.

రాజమండ్రి పచ్చళ్లు:
మా ఇంట్లో ఈ గొడవే లేదు. ఆవకాయ కాయ వేసవిలోనే కొనాలి, డిసెంబరులో ఆర్డరొచ్చిందని తెచ్చుకోలేను కదా! ఏడాది సరుకూ అప్పుడే జాడీల్లోకి ఎక్కాలి. అలాగని అన్నీ నిల్వ పెట్టను. సీసాలు పదిహేను రోజులవే తెప్పిస్తాను.

మొన్న జూన్‌లో జాడీల నిండా పచ్చడి ఉంది, సీసాలున్నాయి, మూతలు అయిపోయాయి. అన్నిటికంటే చవక వస్తువు. ఐదు రోజులు ప్యాకింగ్ ఆగింది, ఆ టెన్షన్ చెప్పలేను. ఇప్పుడు మూతలు రెండు డబ్బాల్లో ఉంచుతున్నా. మొదటి డబ్బా ఖాళీ కాగానే ఆర్డరు, అది వచ్చేదాకా రెండోది. అమ్మ కందిపప్పుకి ఎప్పుడూ చేసేది ఇదే. దీన్నే కాన్బాన్ అంటారని మా మరిది చెప్పాక కాస్త గర్వంగా కూడా ఉంది.

బాలానగర్ లేత్:
వారం అయింది, చెప్తున్నా. లెక్క కాగితం నాన్న ముందు పెట్టాను. నా పద్ధతే ఎక్కువ ఖర్చు అన్న లైను చూసి చాలాసేపు నవ్వారు. తర్వాత తనదీ చదివారు, నవ్వలేదు. 250 కిలోల చొప్పున తెద్దాం అని ఒప్పుకున్నారు.

డీలర్ మామూలుగా మూడు రోజుల్లో ఇస్తాడు, ఒక్కోసారి పది రోజులు. అందుకని రెండు వారాల సరుకు, అంటే 100 కిలోలు మిగిలినప్పుడు ఆర్డరు పెట్టాలని కడ్డీల స్టాండు పక్క గోడ మీద ఎర్ర గీత గీశాను. ఇవాళ పొద్దున చూస్తే దానికి జానెడు పైన సుద్దతో ఇంకో గీత ఉంది. 200 అట. ఎవరు గీశారని అడిగితే "ఆఁ?" అన్నారు.